పొట్టిపురం నుంచి హింగోలి దాకా: మహా పరిశోధనలు, ప్రజలకు చేరాల్సిన సమాచారం

అత్యాధునిక మౌలిక పరిశోధనలకు ప్రయోగశాల, నిధులు, నిపుణులు ఎంత అవసరమో, ఆ ప్రయోగశాల వెలిసే ప్రాంతంలోని ప్రజల విశ్వాసమూ అంతే అవసరమని గత రెండు దశాబ్దాల భారతీయ అనుభవం చెబుతోంది. తమిళనాడులోని థేని జిల్లా పొట్టిపురం వద్ద తలపెట్టిన భారత న్యూట్రినో పరిశోధనాలయానికి (ఐఎన్‌ఓ) కేంద్ర మంత్రివర్గం 2015 జనవరిలో సుమారు రూ.1,500 కోట్ల అంచనా వ్యయంతో ఆమోదం తెలిపింది. పశ్చిమ కనుమల్లో ఆ ప్రాజెక్టును అనుమతించబోమని తమిళనాడు ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టుకు స్పష్టం చేసింది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో గురుత్వ తరంగాలను గుర్తించేందుకు నిర్మించనున్న లైగో-ఇండియాకు 2023 ఏప్రిల్‌లో రూ.2,600 కోట్ల వ్యయంతో మంత్రివర్గ ఆమోదం లభించింది. అదే ఏడాది మే 11న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు.

ఒకటి నిలిచిపోవడానికి, మరొకటి ముందుకు సాగడానికి స్థలం, అడవి, రాజకీయం వంటి అనేక కారణాలున్నాయి. వాటితోపాటు పరిశోధన గురించిన సమాచారం ప్రజలకు ఎప్పుడు, ఏ భాషలో, ఎవరి ద్వారా చేరిందన్నదీ కీలకమైన అంశమే. నిర్ణయానికి ముందు అందిన సమాచారం చర్చకు దారితీస్తుంది. నిర్ణయం తర్వాత అందినది ఎంత సత్యమైనా సమర్థనగానే వినిపిస్తుంది.

కోలార్ గనుల వారసత్వం

న్యూట్రినో పరిశోధన భారతదేశానికి కొత్త కాదు. విశ్వకిరణాలు భూవాతావరణాన్ని తాకినప్పుడు పుట్టే న్యూట్రినోలను 1965లో కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున నెలకొల్పిన ప్రయోగశాలలో గుర్తించారు. టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్), జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయం ఈ ప్రయోగంలో భాగస్వాములు. అదే ఏడాది దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలోనూ ఇటువంటి ఫలితమే వెలువడింది. 1990 దశకం ఆరంభంలో గనుల లోతట్టు భాగాలు మూతపడటంతో కోలార్‌లోని ప్రయోగాలు ఆగిపోయాయి.

న్యూట్రినో విద్యుదావేశం లేని అతి సూక్ష్మ కణం. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు భూమిపై ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు సుమారు 6,500 కోట్ల చొప్పున దూసుకుపోతుంటాయి. అవి మనుషుల శరీరాల గుండా, కొండల గుండా, మొత్తం భూగోళం గుండా దాదాపు ఏ జాడా మిగల్చకుండా సాగిపోతాయి. పదార్థంతో అరుదుగా మాత్రమే చర్య జరుపుతాయి కనుకనే వాటిని పట్టుకోవడం కష్టం. ఇతర విశ్వకిరణాల రొద వినపడకుండా పరికరాన్ని లోతైన గనిలోనో కొండ గర్భంలోనో అమర్చడానికి కారణం ఇదే. న్యూట్రినోలు ఒక రకం నుంచి మరో రకంలోకి మారుతాయనీ, అందువల్ల వాటికి ద్రవ్యరాశి ఉందనీ నిరూపించినందుకు జపాన్ శాస్త్రవేత్త తకాకి కజితా, కెనడా శాస్త్రవేత్త ఆర్థర్ మెక్‌డొనాల్డ్‌లకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. మూడు రకాల న్యూట్రినో ద్రవ్యరాశుల్లో ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న క్రమాన్ని తేల్చడం ఐఎన్‌ఓ ప్రధాన లక్ష్యం. ఇందుకోసం 50 వేల టన్నుల అయస్కాంతీకరించిన ఇనుప పరికరాన్ని కొండ గర్భంలో, అన్ని వైపులా కనీసం ఒక కిలోమీటరు మందాన రాయి ఉండేలా అమర్చాలనీ, సుమారు రెండు కిలోమీటర్ల సొరంగం ద్వారా అక్కడికి చేరాలనీ ప్రతిపాదించారు.

సందేహాల్లో రెండు రకాలు

మొదట నీలగిరి జిల్లాలోని సింగారాను ఎంపిక చేశారు. అది ముదుమలై పులుల అభయారణ్యానికి, ఏనుగుల రాకపోకల మార్గానికి దగ్గరగా ఉన్నందున 2009లో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. ఆ తర్వాతే పొట్టిపురం సమీపంలోని బోడి పశ్చిమ కొండలను ఎంచుకున్నారు.

అక్కడ తలెత్తిన అభ్యంతరాలు రెండు రకాలు. మొదటివి విజ్ఞానశాస్త్రానికి సంబంధించిన అపోహలు. న్యూట్రినోల వల్ల రేడియేషన్ వ్యాపిస్తుందనీ, సొరంగంలో అణువ్యర్థాలను నిల్వ చేస్తారనీ ప్రచారం సాగింది. న్యూట్రినో అనే పేరు న్యూట్రాన్‌ను గుర్తుకు తేవడం, నిధులు సమకూర్చేది అణుశక్తి విభాగం కావడం, అదే రాష్ట్రంలో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా 2011, 2012 సంవత్సరాల్లో పెద్దఎత్తున ఆందోళన జరిగి ఉండటం ఈ అనుమానాలకు బలం చేకూర్చాయి. ప్రకృతిలో సహజంగా పుట్టే న్యూట్రినోలను నమోదు చేయడం తప్ప ఈ కేంద్రంలో ఏ కణాన్నీ ఉత్పత్తి చేయబోమని శాస్త్రవేత్తలు పలుమార్లు వివరించారు. అయితే విదేశీ ప్రయోగశాలల నుంచి వచ్చే న్యూట్రినో పుంజాలను రెండో దశలో ఇక్కడ అధ్యయనం చేసే అవకాశముందని ప్రాజెక్టు తొలి నివేదికల్లో ఉంది. వ్యతిరేకులు ఆ వాక్యాలను ఎత్తిచూపారు. పత్రంలో ఒక మాట, సభలో మరో మాట వినిపించినప్పుడు రెండింటికీ పొంతన కుదిర్చి చెప్పే బాధ్యత ప్రాజెక్టు నిర్వాహకులదే అవుతుంది.

రెండో రకం అభ్యంతరాలకు న్యూట్రినో స్వభావంతో సంబంధమే లేదు. కొండను పేల్చితే ఇళ్లకు, సమీప జలాశయాలకు ఏమవుతుంది, తవ్వి తీసే లక్షల టన్నుల రాయిని ఎక్కడ వేస్తారు, నిర్మాణానికి నీరు ఎక్కడి నుంచి వస్తుంది, పశువుల మేతకు వెళ్లే దారులు ఉంటాయా, పులుల సంచారానికి ఆటంకం కలుగుతుందా అన్నవి ఏ సొరంగ నిర్మాణం విషయంలోనైనా అడగవలసిన ప్రశ్నలే. వీటికి కణభౌతిక శాస్త్ర ఉపన్యాసం సమాధానం కాదు. భూగర్భ నిపుణుల కొలతలు, నీటి వినియోగ లెక్కలు, వాటిని పర్యవేక్షించే స్వతంత్ర వ్యవస్థ ఇందుకు అవసరం. అపోహను, న్యాయమైన ఆందోళనను ఒకే గాటన కట్టి అన్నింటినీ అజ్ఞానంగా పరిగణిస్తే, రెండో రకం ప్రశ్నలు అడిగినవారు సైతం మొదటి రకం ప్రచారం వైపు మొగ్గుతారు.

అనుమతుల చిక్కుముడి

2011లో లభించిన పర్యావరణ అనుమతిని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017 మార్చిలో నిలిపివేసింది. కేరళలోని మతికెట్టాన్ షోలా జాతీయ ఉద్యానానికి ప్రతిపాదిత స్థలం ఐదు కిలోమీటర్లలోపే ఉండటం, పర్యావరణ ప్రభావ నివేదికను రూపొందించిన సంస్థకు అందుకు అవసరమైన గుర్తింపు లేకపోవడం ఇందులో ప్రధానాంశాలు. 2018 మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ ఈ ప్రాజెక్టును ప్రత్యేక అంశంగా పరిగణించి మళ్లీ అనుమతినిచ్చింది. అదే ఏడాది నవంబరులో ట్రైబ్యునల్ ఆ అనుమతిని సమర్థిస్తూనే, జాతీయ వన్యప్రాణి మండలి ఆమోదం లేకుండా పని మొదలుపెట్టరాదని పేర్కొంది. అనంతరం వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. పులుల సంచార మార్గం దెబ్బతింటుందన్నది రాష్ట్ర ప్రభుత్వ వాదన.

అనుమతుల ప్రక్రియలో దొర్లిన ప్రతి లోపం సమాచారంపై ఉన్న నమ్మకాన్నీ తగ్గించింది. ఇదే సమయంలో ప్రపంచం ముందుకు సాగింది. న్యూట్రినో ద్రవ్యరాశుల క్రమాన్ని తేల్చే లక్ష్యంతోనే చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో 20 వేల టన్నుల ద్రవంతో భూగర్భంలో నిర్మించిన జూనో కేంద్రం 2025 ఆగస్టు 26న సమాచార సేకరణ ప్రారంభించింది. భారత్ వద్ద ప్రస్తుతం ఉన్నది మదురైలో నెలకొల్పిన 85 టన్నుల నమూనా పరికరం మాత్రమే.

హింగోలి భిన్నమైన దారి

గురుత్వ తరంగాల పరిశోధన ప్రజల్లోకి వెళ్లిన తీరు వేరు. అమెరికాలోని రెండు లైగో కేంద్రాలు 2015 సెప్టెంబరు 14న తొలి గురుత్వ తరంగాన్ని నమోదు చేశాయి. దాదాపు ఐదు నెలలపాటు ఫలితాన్ని సరిచూసుకుని, పరిశోధన పత్రాన్ని ఇతర నిపుణులు పరిశీలించిన తర్వాతే 2016 ఫిబ్రవరి 11న ప్రకటించారు. పరిశోధన పత్రంతోపాటు సామాన్య పాఠకులకు అర్థమయ్యే సంక్షిప్త వివరణలను పలు భాషల్లో విడుదల చేశారు. నాలుగు కిలోమీటర్ల పొడవున్న బాహువుల్లో ప్రోటాన్ వ్యాసంలో వెయ్యో వంతు కంటే తక్కువ మార్పును కొలవడం సామాన్యుల ఊహకు అందని విషయం. రెండు కృష్ణబిలాల కలయికను వినిపించే ధ్వనిగా మార్చి అందించడంతో అది బడి పిల్లలకూ చేరువైంది. ఆ ప్రకటన వెలువడిన ఆరు రోజులకే, ఫిబ్రవరి 17న, లైగో-ఇండియాకు కేంద్ర మంత్రివర్గం సూత్రప్రాయ ఆమోదం తెలిపింది.

హింగోలి జిల్లాలోని ఔంఢా నాగనాథ్ సమీపంలో నిర్మాణ స్థలం ఉంది. పుణెలోని ఖగోళ, ఖగోళభౌతిక శాస్త్రాల అంతర్ విశ్వవిద్యాలయ కేంద్రం (ఐయూకా), ఇందౌర్‌లోని రాజా రామన్న అత్యాధునిక సాంకేతిక కేంద్రం, గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ ఇందులో పాలుపంచుకుంటున్నాయి. విద్య, ప్రజా సంబంధాలకు ప్రాజెక్టులోనే ఒక విభాగాన్ని ఏర్పాటు చేసి, స్థానిక విద్యాసంస్థల్లో కార్యక్రమాలు నిర్వహిస్తున్నారు. లైగో దేన్నీ వెదజల్లదు. ఎక్కడో పుట్టిన తరంగాన్ని అందుకోవడమే దాని పని. ఆ మాటకొస్తే ఐఎన్‌ఓ పని కూడా అంతే.

ఈ పోలికకు పరిమితి ఉంది. హింగోలిలో కొండను తొలచనక్కర్లేదు, పులుల మార్గమూ లేదు. కాబట్టి ప్రచార నైపుణ్యమే ఒకదాన్ని గెలిపించి, దాని లోపమే మరొకదాన్ని ఓడించిందనడం సరికాదు. స్థల ఎంపికలోని చిక్కులను ఎంత చక్కని వివరణైనా తొలగించలేదు. ఆ చిక్కులను ముందుగానే బయటపెట్టి చర్చకు పెట్టడం మాత్రం సమాచార బాధ్యతలో భాగమే.

దత్తాంశాలు తెరిచి ఉంచడం

ప్రజలతో పంచుకోవడమంటే వివరించడం ఒక్కటే కాదు, ముడి సమాచారాన్ని అందుబాటులో ఉంచడం కూడా. లైగో సేకరించిన దత్తాంశాలను నిర్ణీత కాలం తర్వాత ఎవరైనా ఉచితంగా పొందవచ్చు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త తరంగ సంకేతం అందిన వెంటనే ప్రపంచమంతటికీ బహిరంగ హెచ్చరికలు వెళ్తున్నాయి. భారత్ 2017 నుంచి సహసభ్య దేశంగా ఉన్న ఐరోపా అణుపరిశోధన సంస్థ (సెర్న్) 2014లో బహిరంగ దత్తాంశ వేదికను ప్రారంభించింది. పుణె జిల్లా ఖోడద్ వద్ద 45 మీటర్ల వ్యాసం గల 30 డిష్‌లతో పనిచేసే జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు పరిశీలనలు సైతం నిర్ణీత గడువు ముగిశాక అందరికీ అందుబాటులోకి వస్తాయి. ఏటా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవ సందర్భంగా అక్కడ జరిగే విజ్ఞాన మేళాకు చుట్టుపక్కల గ్రామాల విద్యార్థులు తరలివస్తారు.

భయాన్ని ఎదుర్కొనే తీరులోనూ సెర్న్ ఒక ఉదాహరణ. 2008లో లార్జ్ హాడ్రాన్ కొలైడర్ ప్రారంభానికి ముందు, అందులో పుట్టే కృష్ణబిలాలు భూమిని మింగేస్తాయన్న ప్రచారం పలు దేశాల్లో, భారతీయ టీవీ చానళ్లలోనూ సాగింది. యంత్రం పని మొదలుపెట్టక ముందే భద్రతపై సమీక్ష జరిపించి, ఆ నివేదికను సంస్థ బహిరంగపరచింది. అంతకు మించిన శక్తితో విశ్వకిరణాలు కోట్ల సంవత్సరాలుగా భూమిని తాకుతూనే ఉన్నాయనీ, భూమి చెక్కుచెదరలేదనీ సాధారణ పాఠకుడు సైతం సరిచూసుకోగల వాదనను అందులో ముందుంచారు.

పొరపాటును దాచకపోవడం కూడా విశ్వసనీయతను పెంచుతుంది. న్యూట్రినోలు కాంతి కంటే వేగంగా ప్రయాణించినట్లు కనిపిస్తోందని ఇటలీలోని ఒపేరా ప్రయోగ బృందం 2011 సెప్టెంబరులో ప్రకటించి, ఇతరులు సరిచూడాలని కోరింది. సరిగా బిగించని ఆప్టికల్ ఫైబర్ తీగ వల్ల కాలగణన తప్పిందని 2012లో తేలింది. ఆ దిద్దుబాటునూ ఆ బృందం బహిరంగంగానే ప్రకటించింది. అయితే తొలి వార్తకు దక్కినంత ప్రచారం దిద్దుబాటుకు దక్కదు. అందుకే ఫలితం ఎంతవరకు ధ్రువపడిందో మొదటి రోజే స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది.

హైదరాబాద్ బెలూన్ల పాఠం

తెలుగు రాష్ట్రాల్లో ఇటువంటి సమాచారానికి సాదాసీదా ఉదాహరణ హైదరాబాద్‌లోని టీఐఎఫ్‌ఆర్ బెలూన్ కేంద్రం. పలుచని పాలిథీన్ పొరతో చేసిన భారీ బెలూన్లు శాస్త్ర పరికరాలను 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకెళ్తాయి. పని పూర్తయ్యాక పరికరాలు రంగురంగుల పారాచూట్ల సాయంతో పొలాల్లో, ఊళ్ల సమీపంలో దిగుతాయి. ప్రయోగాలకు ముందే ఈ కేంద్రం పత్రికల ద్వారా జిల్లాలవారీగా ప్రజలకు సూచనలిస్తుంది. పరికరం కనిపిస్తే తెరవవద్దనీ, సమీపంలోని పోలీసులకు లేదా తపాలా కార్యాలయానికి తెలపాలనీ, కొన్నింటిలో అధిక వోల్టేజీ ఉండవచ్చనీ, తాకితే విలువైన సమాచారం పోతుందనీ, తెలియజేసినవారికి తగిన బహుమతి ఉంటుందనీ ఆ ప్రకటనల సారాంశం. ఏం జరుగుతుంది, ఎందుకు, ప్రమాదం ఎంత, ఎవరికి చెప్పాలి అనే నాలుగు ప్రశ్నలకు కొద్ది వాక్యాల్లో ఇక్కడ సమాధానం దొరుకుతుంది.

సమాచారం అందరికీ చేరకపోతే ఏమవుతుందో కూడా ఈ ప్రాంతం చూసింది. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలోని ఒక గ్రామ పొలాల్లో పెద్ద గుండ్రని క్యాప్సూల్ దిగింది. గ్రహాంతర వాహనమేమోనన్న ఊహాగానాలు సామాజిక మాధ్యమాల్లో వ్యాపించాయి. చూసేందుకు జనం గుమిగూడారు. స్పెయిన్‌కు చెందిన అంతరిక్ష పర్యాటక సంస్థ హైదరాబాద్ బెలూన్ కేంద్రం సాయంతో జరిపిన పరీక్షలో భాగమే అదని తర్వాత తెలిసింది.

ఒప్పించడమా, తెలియజేయడమా

ప్రజలకు వివరిస్తే వారు తప్పక అంగీకరిస్తారన్న భావన కూడా సరైనది కాదు. జన్యుమార్పిడి బీటీ వంకాయకు 2009 అక్టోబరులో నిపుణుల సంఘం ఆమోదం లభించాక, నాటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ 2010 ఆరంభంలో హైదరాబాద్ సహా 7 నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిపారు. రైతులు, శాస్త్రవేత్తలు, వినియోగదారులు పాల్గొన్న ఆ సభల అనంతరం, 2010 ఫిబ్రవరి 9న వాణిజ్య సాగుపై ఆయన నిలుపుదల ప్రకటించారు. పొరుగున బంగ్లాదేశ్ 2013లో అదే పంటకు అనుమతినిచ్చింది. నిర్ణయం ఏదైనా, అది ఏ కారణాలపై ఆధారపడిందో పౌరులకు తెలియడమే సంప్రదింపుల ప్రయోజనం. ముందే ఖరారైన ఫలితానికి ఆమోదముద్ర వేయించేందుకు జరిపే సభను ప్రజలు ఇట్టే గుర్తుపడతారు.

చట్టం, భాష

ఈ బాధ్యతకు చట్టపరమైన ఆధారాలు ఇప్పటికే ఉన్నాయి. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) అధికరణం ప్రకారం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య విధానాలను రూపొందించేటప్పుడు, నిర్ణయాలను ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ వెల్లడించాలని సమాచార హక్కు చట్టం-2005లోని సెక్షన్ 4 ప్రభుత్వ సంస్థలను ఆదేశిస్తోంది. ఈ సమాచారాన్ని అందించడంలో స్థానిక భాషను పరిగణనలోకి తీసుకోవాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం, బహిరంగ విచారణ జరిగే ప్రాజెక్టుల నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలి. విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. శాస్త్రవేత్తలు ఏడాదికి కనీసం 10 పనిదినాలను తమ జ్ఞానాన్ని సమాజంతో పంచుకునేందుకు కేటాయించాలని కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2022లో విడుదల చేసిన శాస్త్రీయ సామాజిక బాధ్యత మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

ఆచరణలో భాష దగ్గరే తొలి అవరోధం ఎదురవుతోంది. 2020 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదాను ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఉన్న పదాలు సైతం కొన్నిసార్లు దారి తప్పిస్తాయి. భౌతికశాస్త్రంలో వెలుతురు, రేడియో తరంగాలు కూడా రేడియేషనే. వాడుక తెలుగులో ఆ మాట వినగానే అణుధార్మికతే స్ఫురిస్తుంది. తేడా వివరించకుండా ఆ పదాన్ని వాడిన ప్రకటన భయాన్ని తగ్గించదు సరికదా, పెంచే ప్రమాదముంది.

రానున్న ఏళ్లలో ఈ అవసరం మరింత పెరగనుంది. కేంద్రం 2023లో రూ.6,003.65 కోట్లతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ నిర్మాణానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రణాళిక ప్రకటించింది. ఏ రంగమైనా, ప్రజాధనంతో సాగే పరిశోధన విషయంలో పౌరులు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు: ఇక్కడ ఏం చేస్తారు, దానివల్ల మాకేమిటి, నష్టం జరిగితే బాధ్యులెవరు, మా అభ్యంతరాన్ని వినేదెవరు? పొట్టిపురంలో ఈ ప్రశ్నలకు జవాబులు చేరేలోపే అనుమానాలు పాతుకుపోయాయి. శంకుస్థాపన శిలాఫలకం కంటే ముందే ఈ జవాబులు గ్రామ పంచాయతీ కార్యాలయానికి, ఆ ఊరి భాషలో, చేరవలసి ఉంది.